టుంగ్ చోయ్ వీధిలో వెలుతురు బేరం

హాంకాంగ్‌లో కౌలూన్ వైపు మాంగ్‌కాక్ అనే పేట ఉంది. ఒక్కో సరుకుకీ ఒక్కో వీధి రాసిచ్చేసిన పేట అది. ఆటబూట్లు కావాలంటే ఫా యున్ వీధి. పూలు కావాలంటే ఫ్లవర్ మార్కెట్ రోడ్డు. దాని పక్కనే యున్ పో వీధిలో పిట్టల తోట. అక్కడికి ముసలివాళ్లు పంజరాలు చేత పట్టుకుని షికారుకొస్తారు. టుంగ్ చోయ్ వీధి మాత్రం రెండు ముక్కలు. దక్షిణపు ముక్క లేడీస్ మార్కెట్. మనవాళ్లు హాంకాంగ్ వెళ్లొచ్చి చుట్టాలకు పంచిపెట్టే హ్యాండ్‌బ్యాగులు చాలావరకు అక్కడివే. ఉత్తరపు ముక్క చేపలది. గైడు పుస్తకాల్లో గోల్డ్‌ఫిష్ మార్కెట్ అని రాస్తారు. మెట్రోలో ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లో దిగితే నడక దూరమే.

మా బావమరిది అక్కడే ఒక షిప్పింగ్ కంపెనీలో పనిచేస్తాడు. వాళ్ల పాప అన్నప్రాశనకని వెళ్లాం. శుభకార్యం అయిపోయాక, "బావగారూ, హాంకాంగ్ వచ్చినవాళ్లు డిస్నీలాండ్ అడుగుతారు, లాంటావ్ కొండమీద పెద్ద బుద్ధుణ్ని చూపించమంటారు. మీరేమో చేపల తొట్టెకి లైటు కొనాలంటున్నారు. మా ఆఫీసులో చెబితే నవ్వుతున్నారు" అన్నాడు. "నవ్వనీ. బుద్ధుడు ఎక్కడికీ పోడు" అన్నాను. మా ఆవిడ, తన తమ్ముడి భార్యా లేడీస్ మార్కెట్ వైపు, మేమిద్దరం చేపల వైపు చీలిపోయాం.

హైదరాబాదులో మా ఇంట్లో ఉన్నది రెండడుగుల తొట్టె. అందులో చేపలకంటే మొక్కలే ఎక్కువ. చేపలకు లైటు అవసరం అంతంతమాత్రం. పగలూ రాత్రీ తెలిస్తే చాలు. మొక్కలకు అలా కాదు, నీళ్లలో ఉన్నా వాటి తిండి వెలుతురే. ఆ వెలుతురు ఇక్కడ దొరకదా అంటే దొరుకుతుంది. వెయ్యి రూపాయలకు నీలం తెలుపు పట్టీ ఒకటి ఏ కొట్లోనైనా ఇస్తారు. దానికింద మొక్క బతకదు, చావదు. మంచివి కావాలంటే బయటి దేశం సరుకే. అది నాలుగు చేతులు మారి, సుంకం కట్టుకుని, మన కొట్టు అరలోకి ఎక్కేసరికి ధర పైకి పాకుతుంది. ఎలాగూ వెళుతున్న ఊరు ఆ వ్యాపారానికి పేరుమోసిందైతే ఓ సాయంత్రం అటు నడిస్తే ఏం పోయింది?

వీధిలోకి తిరగ్గానే ముందు కనిపించేవి సంచులు. కొట్టు ముందు ఇనప చట్రం, దాని నిండా కొక్కేలు, ప్రతి కొక్కేనికీ గాలి నింపిన ప్లాస్టిక్ సంచి, అందులో చేప. సంచి మీద స్కెచ్ పెన్నుతో ధర. పొద్దుటి నుంచీ అలా వేలాడుతూనే ఉంటాయి, కొన్నవాళ్లు కొక్కెం నుంచి తీసుకుని వెళ్లిపోతారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, ఫొటోల్లో మరీను. అందుకే చాలా కొట్లలో ఫొటోలు తీయొద్దని బోర్డులు పెట్టారు. కాసేపు నిలబడి చూస్తే ముచ్చట తగ్గుతుంది. సోడా గ్లాసుడు నీళ్లలో అరచేతి వెడల్పు చేప మొహం తిప్పుకోలేక ఉంటుంది. బేసిన్లలో ఒకదానిమీదొకటి ఎక్కే తాబేలు పిల్లలైతే ఇంకా అన్యాయం. నేను ఆ వీధిలో ప్రాణమున్నది ఏదీ కొనలేదు. కొనాలనుకున్నా తేలేను, బతికున్న చేపకు అనుమతి పత్రాలూ క్వారంటైనూ, మొక్కకు ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. సూట్‌కేసులో దాచి తెచ్చే పెద్దమనుషులు ఉన్నారని విన్నాను. వాళ్లు తెచ్చేది ఒక్క మొక్కే కాదు, దానికి అంటుకున్న పురుగూ తెగులూ కూడా.

గోల్డ్‌ఫిష్ చైనావాళ్ల సృష్టి. చెరువుల్లోని బూడిదరంగు కార్ప్ జాతి చేపల్లో ఎప్పుడో ఒకటి ఎర్రగా పుడితే దాన్ని విడిగా పెంచి, వెయ్యేళ్ల కిందట సోంగ్ రాజుల నాటికే కొలనుల్లో బంగారు చేపల్ని చూసుకునేవారు. కొలను అయినా, పింగాణీ గంగాళం అయినా చూసేది పైనుంచే. అందుకే పాత రకాల్లో చాలావాటికి అందమంతా వీపు మీద ఉంటుంది. ఉబ్బిన కళ్లు, విసనకర్ర తోక, తలమీద కిరీటం, ఇవన్నీ పైనుంచి చూసేవాడి కోసం ఎంచి పెంచినవే. పైన ఆకాశం ఉండగా దీపం సంగతి ఎవరికి కావాలి? చేపను పక్కనుంచి చూడాలన్న సరదా గాజుతో వచ్చింది. 1853లో లండన్ జూలో మొదటి బహిరంగ అక్వేరియం తెరిచారు. ఆ తరువాత తొట్టె నట్టింట్లోకి, కిటికీకి దూరంగా, సోఫా పక్కకు చేరింది. వెలుతురు కొనుక్కోవాల్సిన అవసరం అప్పుడు పుట్టింది. ఆ వీధిలో గోల్డ్‌ఫిష్ గంగాళాల మీద ఏ లైటూ లేకపోవడం, లోపలి గాజు తొట్లన్నిటి మీదా ఉండడం చూసినప్పుడు ఈ చరిత్రంతా అక్కడే పరిచి ఉన్నట్టు అనిపించింది.

లైట్ల కొట్లు వీధి పొడవునా చేపలమధ్యే ఉంటాయి. మేం వెళ్లిన కొట్టు వెడల్పు మన పాన్‌షాపంత, లోతు మాత్రం రైలు పెట్టెంత. పైకప్పు దాకా పెట్టెలు. జపాను, కొరియా, అమెరికా, చైనా పేర్లు పక్కపక్కనే. ఏడీఏ వాళ్లది జపాను, ట్విన్‌స్టార్ కొరియాది, సముద్రపు తొట్లవాళ్లు మోజుపడే కెసిల్ అమెరికాది, చిహిరోస్ చైనాది. పెట్టెల్ని తిరగేసి అడుగున చిన్న అక్షరాలు చూడండి, వీటిలో కొన్ని తయారైన చోటు చైనాయే. హాంకాంగ్ నుంచి షెన్‌జెన్ రైలు దూరమే. అక్కడి హువాచియాంగ్‌బెయ్ బజారుకు వెళితే ఎల్‌ఈడీ గింజల్నే కిలోల లెక్కన చూడొచ్చని బావమరిది ఊరించాడు. నా దగ్గర చైనా వీసా లేదు, ఆ ముచ్చట అక్కడితో ఆగింది.

జపాను మాట వచ్చింది కాబట్టి ఇద్దరు అమానోల గురించి చెప్పాలి. నీటి మొక్కల తొట్టెను ఒక తోటలా పెంచే పద్ధతిని ప్రపంచానికి నేర్పినవాడు తకాషి అమానో. నీగాటా ఊరివాడు, మొదట సైకిల్ పందేల వృత్తిలో ఉండేవాడు, 1982లో ఏడీఏ కంపెనీ పెట్టాడు. 2015లో లిస్బన్‌లోని ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున, 1,60,000 లీటర్ల నీటితో ఒక నీటి అడవిని కట్టి, అదే ఏడాది చనిపోయాడు. రెండో అమానో పేరు హిరోషి. ఈయన భౌతిక శాస్త్రవేత్త. ఇసాము అకసాకి, షుజి నకమురాలతో కలిసి 2014లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, నీలం ఎల్‌ఈడీ చేసినందుకు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కానీ రెండో అమానో పని లేకపోతే మొదటి అమానో తోటలకు ఈనాటి దీపాలు లేవు. ఎర్ర ఎల్‌ఈడీ 1962 నుంచీ ఉంది, ఆకుపచ్చ తరువాత వచ్చింది, నీలం మాత్రం ముప్పై ఏళ్లు ఎవరికీ లొంగలేదు. నీలం లేనిదే తెలుపు లేదు. మన ఇళ్లలో వెలిగే తెల్ల ఎల్‌ఈడీ బల్బు నిజానికి నీలం గింజే; దానిమీద పూసిన పసుపు పొడి కొంత నీలాన్ని పసుపుగా మార్చితే, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి.

కొట్టాయన ఇంగ్లీషు నాలుగు మాటలు, బావమరిది కాంటనీస్ నలభై మాటలు. అడిగింది రెండడుగుల లైటు. ఆయన మూడు తీశాడు. ఒకదాన్ని ఖాళీ అరమీదే వెలిగించాడు, కొట్టంతా నీలంగా మారింది. "దీన్లోనే ఉంది బావగారూ జాతర" అన్నాడు మావాడు. సరిగ్గా అక్కడే కొనేవాడు పడిపోతాడు. నీలం ఎక్కువున్న దీపం కింద నియాన్ టెట్రా గీత మెరుస్తుంది, పగడాలు తమలోని ప్రోటీన్ల వల్ల ఆకుపచ్చగా, నారింజగా మండుతాయి. సముద్రపు తొట్టెకు నీలం న్యాయమే. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఎరుపును ముందే తాగేస్తాయి, చివరిదాకా దిగేది నీలమే, పగడంలో కాపురముండే నాచుకు అలవాటైన వెలుతురు అదే. అందుకే ఆ లైట్ల పెట్టెల మీద 14,000, 20,000 కెల్విన్ అని ఉంటుంది. నా తొట్టె మంచినీళ్లది, లోతు అడుగున్నర లేదు. అందులో మొక్కలకు కావలసింది 6,500 కెల్విన్ చుట్టుపక్కల పగటి తెలుపు, దాంట్లో కాస్త ఎరుపు.

అరమీద వెలిగిన దీపాన్ని బట్టి ఏమీ తేల్చకూడదు. పట్టుచీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు కొట్టువాణ్ని అడిగి, దాన్ని గుమ్మం బయటికి తెచ్చి, ఎండలో కొంగు పరిచి చూస్తారు. లోపలి ట్యూబులైటు కింద చిలకాకుపచ్చ వేరు, బయట వేరు. లైటు కొనేటప్పుడు దీన్నే తిరగేయాలి. దీపాన్ని తీసుకెళ్లి నీళ్లమీద పెట్టించాలి, మొక్కలున్న తొట్టెమీద, పక్క దీపాలు ఆర్పించి. అడగడానికి మొహమాటపడ్డాను. బావమరిది అడిగేశాడు. కొట్టాయన విసుక్కోలేదు సరికదా, మూడు దీపాలూ వరసగా ఒకే తొట్టెమీద మార్చి మార్చి పెట్టాడు. మొదటిదాని కింద ఆకులు ప్లాస్టిక్ పూలసజ్జలో వాటిలా మెరిశాయి. రెండోదాని కింద అంతా పాలిపోయింది, వేళ్ల దగ్గరికి వెలుతురు దిగనే లేదు. మూడోది తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం గింజలు విడివిడిగా ఉన్నది. ఏది ఎంత వెలగాలో ఫోన్లో మార్చుకోవచ్చు. దానికింద రొటాలా మొక్క కొసల ఎరుపు నిజంగా ఎరుపు, ఇసుక ఇసుక రంగే.

పెట్టెమీది అంకెల్లో ల్యూమెన్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. వాటిని మొక్కల కోసం చదవకండి. ల్యూమెన్ మనిషి కంటి లెక్క. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ పసుపుల మధ్య, ఎక్కువ చురుకు. అక్కడ వెలిగే దీపానికి మార్కులు దండిగా పడతాయి. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న వెలుతురంతా. దాన్ని చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నాయని కొలుస్తారు. అభిమానుల భాషలో దానికి పార్ అని పేరు. మంచి కంపెనీలు దూరాన్ని బట్టి పార్ ఎంతో పట్టిక ఇస్తాయి. పట్టిక ఇవ్వకుండా వాట్లూ ల్యూమెన్లూ మాత్రమే ఊదరగొట్టే పెట్టెను తిరిగి అరమీద పెట్టడం మంచిది. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి సర్దుకుపోయే మొక్కలు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదు, మామూలు దీపంతో వాటి కాపురం సాగిపోతుంది.

కొట్టు వెనక భాగంలో పొడవాటి తొట్లో ఒక ఎర్ర అరొవానా తిరుగుతోంది. అదృష్టం తెచ్చే డ్రాగన్ చేప అని వ్యాపారులు ఆఫీసుల్లో పెట్టుకుంటారట. అడవిలో అంతరించిపోయే దశకు వచ్చింది కాబట్టి అలాంటి జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది. చట్టప్రకారం అమ్మాలంటే పెంపకంలో పుట్టి, ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి. దాని తొట్టెలో, నీళ్లలోనే, గొట్టం లాంటి దీపం మునిగి ఉంది. గులాబీ వెలుతురు. రోజూ కొన్ని గంటలు ఆ వెలుతురు తగిలితే పొలుసులు ఎర్రబారతాయని నమ్మకం. నమ్మకం ఎంతవరకు నిజమో గానీ, కొనేటప్పుడు కనిపించిన ఎరుపులో దీపం వాటా కొంతైనా ఉంటుంది. అదే సూత్రం చిన్న చేపలకూ పెట్టారు: ఫైటర్ చేపల సీసాల వెనక ఒక రంగు, టెట్రాల మీద ఇంకో రంగు. చేపను ఇంటికి తీసుకెళ్లినవాడికి ఆ రంగు రాదు, దీపం కూడా కొంటేనే వస్తుంది. వ్యాపారం తెలిసిన వీధి.

నియాన్ టెట్రాకు ఆ పేరు పెట్టిన కాలంలో నియాన్ దీపం అంటే కొత్త వింత. హాంకాంగ్ ఒకప్పుడు ఆ దీపాల ఊరు. నేథన్ రోడ్డు మీద అడ్డంగా చొచ్చుకొచ్చిన నియాన్ బోర్డుల ఫొటోలు చూడనివాళ్లు తక్కువ. భద్రతా నిబంధనల కింద కొన్నేళ్లుగా వాటిని విప్పేస్తున్నారు, మిగిలినచోట ఎల్‌ఈడీలు పెడుతున్నారు. మేం వెళ్లేదారిలో రెండే రెండు పాత నియాన్లు కనిపించాయి. ఆ గాజు గొట్టాన్ని మంటమీద వంచి అక్షరాలు చేసే పనివాళ్లు ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. ఎల్‌ఈడీ కొనడానికే వెళ్లినవాణ్ని కాబట్టి ఎక్కువ బాధపడే హక్కు లేదు నాకు.

అసలు బేరం మొదలయ్యింది దీపం నచ్చాక. ధర గురించి కాదు. ధర వెయ్యి హాంకాంగ్ డాలర్లకు కాస్త లోపు, మన లెక్కలో పది వేల పైచిలుకు. తగ్గించమని అడిగితే ఒక చేపల జల్లెడ ఊరికే ఇచ్చాడు, అంతే. ఆ ఊళ్లో మామూలు సరుకుకి దిగుమతి సుంకం లేదు, అమ్మకం పన్ను లేదు, అందుకని చీటీమీద ఉన్నదే చెల్లించేది. నేను పట్టుబట్టింది అడాప్టరు గురించి. మా బావమరిది నన్ను చూసి తలపట్టుకున్నాడు. "లైటు చూడకుండా దాని తోకని చూస్తారేమిటి బావగారూ!"

చూడాల్సింది తోకనే. బయటి దేశంలో కొన్న దీపానికి ముందు పాడయ్యేది గింజలు కాదు, కరెంటును మార్చే భాగం. హాంకాంగ్ కరెంటు 220 వోల్టులు, 50 హెర్ట్జ్; మనది 230, 50. ఆ తేడాతో ఇబ్బంది లేదు. అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లే జాగ్రత్త పడాలి, అక్కడ 120 వోల్టులు. అడాప్టరు వీపుమీద 100-240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. 110-120 అని మాత్రమే ఉంటే మన గోడకు పెట్టిన క్షణంలో పొగ. తరువాత ప్లగ్గు. హాంకాంగ్‌లో బ్రిటిష్ వాళ్లు వదిలేసిన మూడు చదరపు కాళ్ల ప్లగ్గు, లోపల ఫ్యూజుతో. మనది గుండ్రటి కాళ్లది. మార్పిడి ముక్క పెట్టి నెట్టుకురావచ్చు కానీ నీళ్ల పక్కన ఏళ్లతరబడి ఉండేదానికి వదులు ముక్క వద్దు. తీగ విడిగా ఊడొచ్చే అడాప్టరైతే ఆ తీగ ఒక్కటీ మన ఊళ్లో మార్చుకోవచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: దీపంలోకి పోయేది మామూలు 24 వోల్టుల డీసీనా, పిన్ను మామూలుదా? అయితే అడాప్టరు కాలిపోయిన రోజున కోఠీ గుజరాతీ గల్లీలో అదే వోల్టులు, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్నది కొనుక్కుంటే సరి. అలా కాకుండా కంపెనీ తన సొంత ఆకారంలో చేసిన పిన్నైతే, సొంత డ్రైవర్ దీపంలోనే అతికించి ఉంటే, చెడిపోయిన రోజున పది వేల వస్తువు అల్యూమినియం పట్టీ. వారంటీ కార్డు ఇచ్చాడు, అందంగానే ఉంది. హాంకాంగ్ కొట్టు వారంటీ హాంకాంగ్‌లోనే చెల్లుతుంది. ఆ కాగితం కోసం ఒక్క డాలరు ఎక్కువ ఇవ్వకండి.

డబ్బు మావాడు తన ఆక్టోపస్ కార్డుతో కట్టబోయాడు. రైలుకీ బస్సుకీ కాఫీకీ అన్నిటికీ అదే అక్కడ. అందులో అంత లేకపోవడంతో మళ్లీ నా నోట్లే బయటికొచ్చాయి. చేపల కొట్లో ఆక్టోపస్ చేతులెత్తేసిందని వాడు ఇంటిదాకా అదే పాట.

పెట్టె రెండడుగులు. సూట్‌కేసులో ఐమూలగా పట్టింది, చుట్టూ బట్టలు కుక్కాం. బ్యాటరీ లేని వస్తువు కాబట్టి చెక్-ఇన్ సామాన్లో వేయడానికి అభ్యంతరం రాలేదు. శంషాబాదులో దిగాక కస్టమ్స్. నేను వచ్చిననాటికి అమల్లో ఉన్నవి 2016 బ్యాగేజీ నిబంధనలు: సొంత వాడకపు వస్తువులు 50,000 రూపాయల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, పైన పడిన విలువకు సర్‌చార్జీతో కలిపి 38.5 శాతం. ఇవి మారుతుంటాయి, మీరు బయల్దేరేముందు చూసుకోండి. చీటీ చేతిలో పెట్టుకుని గ్రీన్ చానెల్లోంచి వచ్చేశాను. ఒకటి తెస్తే సొంతానికి. స్నేహితులందరి కోసం పది తెస్తే అది వ్యాపారం కిందికి వస్తుంది, చీటీ ఏమీ కాపాడదు.

ఇంట్లో కూర్చుని పార్సిల్లో తెప్పించుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. మా స్నేహితుడొకాయన తెప్పించాడు. పెట్టె చాలాకాలం ఒక గిడ్డంగిలో పడి ఉంది, సుంకం, దానిమీద జీఎస్టీ, కొరియర్ వాళ్ల చేతి ఖర్చు కలిపి వచ్చిన చీటీ చూసి ఆయన చేపల్ని వదిలేసి కాక్టస్ మొక్కలు పెంచుతానన్నాడు. ఎల్‌ఈడీ దీపాల మీద 2022 జులై నుంచి జీఎస్టీ 18 శాతం. అమ్మేవాళ్లు పెట్టెమీద "బహుమతి" అని రాసి పంపుతామంటారు; బహుమతి పేరుతో వచ్చే పార్సిళ్లకు ఉన్న మినహాయింపును మన ప్రభుత్వం 2019 డిసెంబరులోనే తీసేసింది. ఆ సలహా వినకండి.

కొత్త లైటు పెట్టిన ఇంట్లో మొదట పెరిగేది మొక్క కాదు, నాచు. పాత గుడ్డి దీపానికి అలవాటుపడిన తొట్టెమీద ఒక్కసారి పూర్తి వెలుతురు పోస్తే, మొక్క తేరుకునేలోగా నాచు అద్దం కమ్మేస్తుంది. సగం వెలుతురుతో, రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి మొక్క కొత్త చిగురు వేశాక పెంచుకుంటూ పోవాలి. దీపం తీగ గోడ ప్లగ్గుకు వెళ్లేముందు ఒక వంపు కిందికి జారేలా వదలాలి, తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపులో రాలిపోతుంది. ఇవి ఏ పెట్టెలోని కాగితంలోనూ పెద్దక్షరాల్లో లేవు.

ఇప్పుడు చెన్నై కొళత్తూరులో, రంగుచేపల బజారు ఉన్న ఆ వీధుల్లో, ఇవే చైనా దీపాలు దొరుకుతున్నాయి. ధర కొంచెం ఎక్కువే, కానీ చెడిపోతే తీసుకెళ్లి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. హాంకాంగ్ ఎలాగూ వెళ్లేవాళ్లు ఒక సాయంత్రం టుంగ్ చోయ్ వీధికి ఇవ్వండి, దీపాన్ని నీళ్లమీద పెట్టించి చూడండి, అడాప్టరు వీపు చదవండి, నచ్చితే ఒకటి తెచ్చుకోండి. లైటు కోసమే టికెట్ కొనాలనుకునేవాళ్లు మాత్రం కొళత్తూరు వెళ్లండి. ఆ విమానం ఖర్చుకి అక్కడ లైటుతో పాటు తొట్టె, స్టాండు, చేపలు కూడా వస్తాయి.